విలేకరి అంటే సినిమాలో చూసినవాడేనా?



మొన్నొక ఆదివారం రెండవ పూజ ముగిశాక, మా విచారణకు చెందిన ఒక తండ్రి గురునివాసం వరండాలో వచ్చి కూర్చున్నాడు. డిగ్రీ పూర్తిచేసిన కూతురు జర్నలిజం చదువుతానని పట్టుబట్టిందట. "మీరైనా చెప్పండి ఫాదర్ గారూ! వాళ్ళకు నీతీ నియమం ఉంటాయా? చావు ఇంటికి వెళ్ళి కూడా ఏడ్చేవాళ్ళ నోటి ముందు మైకు పెడతారు" అన్నాడు. "మీకు తెలిసిన విలేకరులు ఎంతమంది ఉన్నారు?" అని అడిగాను. కాసేపు ఆలోచించాడు. ఒక్కరూ లేరు. "సినిమాల్లో చూస్తూనే ఉన్నాం కదండీ" అన్నాడు.

ఆ మాట వారమంతా నన్ను వదల్లేదు. సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో మాకు నేర్పిన తర్కదోషాలలో ఒకటి, కొందరిని చూసి అందరినీ తేల్చివేయడం. ఇక్కడ మనం చూసింది ఆ కొందరినైనా కాదు, నటులను.

మన తెరమీద విలేకరి ఎలా కనబడతాడో గుర్తుచేసుకోండి. 1999లో వచ్చిన 'ఒకే ఒక్కడు'లో టీవీలో పనిచేసే యువకుడు ముఖ్యమంత్రిని నిలదీసి, చివరకు ఒక్కరోజు ముఖ్యమంత్రి అవుతాడు. 2012 నాటి 'కెమెరామెన్ గంగతో రాంబాబు'లో మెకానిక్ ఒకడు విలేకరిగా మారి రాజకీయాలనే కుదిపేస్తాడు. మలయాళ 'న్యూఢిల్లీ'కి తెలుగు రూపంగా 1988లో వచ్చిన 'అంతిమ తీర్పు'లో దారి వేరు. పెద్దల చేతిలో చిత్రహింసలు పడిన పాత్రికేయుడు సొంతంగా పత్రిక పెడతాడు. పగ తీర్చుకోవడానికి హత్యలు చేయించి, ఆ వార్తలను అందరికంటే ముందు తానే అచ్చువేస్తాడు.

ఒకడు దేవుడు, ఒకడు దెయ్యం. కాని ఇద్దరి చేతిలోనూ వార్త ఒక ఆయుధమే. ఒకే విషయాన్ని నలుగురిని అడిగి సరిచూసుకోవడం, రాసిన తప్పును మరునాడు దిద్దుకోవడం, కాగితాల దొంతరల ముందు రోజుల తరబడి కూర్చోవడం మనకు కనబడవు. వాటిని చూపిస్తే టిక్కెట్లు తెగవు కాబోలు!

ఇది మన దేశానికే పరిమితం కాదు. 1951లో బిల్లీ వైల్డర్ 'ఏస్ ఇన్ ద హోల్' అనే చిత్రం తీశాడు. గుహలో ఒక మనిషి ఇరుక్కుపోతాడు. వార్త ఎక్కువ రోజులు సాగాలని ఒక విలేకరి అతణ్ణి బయటకు తీసే పనిని కావాలనే ఆలస్యం చేయిస్తాడు. ఆ మనిషి లోపలే చనిపోతాడు. ఇలాంటి ప్రమాదం ఒకటి నిజంగానే జరిగింది. 1925 జనవరిలో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఫ్లాయిడ్ కాలిన్స్ అనే వ్యక్తి గుహలో చిక్కుకున్నాడు. అప్పుడు విలియం మిల్లర్ అనే యువ విలేకరి సన్నని శరీరం గలవాడు గనుక, ఆ ఇరుకు సందులో పలుమార్లు పాకుతూ లోపలికి వెళ్ళాడు. అతనికి ఆహారం అందించాడు, విడిపించే ప్రయత్నాల్లో పాలుపంచుకున్నాడు. కాలిన్స్ బ్రతకలేదు. మిల్లర్‌కు ఆ వార్తలకు 1926లో పులిట్జర్ బహుమతి వచ్చింది. పైన మాత్రం వేలమంది జనం, తినుబండారాలు అమ్మేవాళ్ళు, ఒక తిరునాళ్ళ! సినిమా తిరునాళ్ళను అలాగే ఉంచింది. పాకుతూ వెళ్ళిన మనిషిని మాత్రం చూపించలేదు. అయినా వైల్డర్‌ను నేను తప్పుపట్టను. తమాషా చూడటానికి వచ్చిన జనాన్ని కూడా అతను దోషులుగానే నిలబెట్టాడు. ఆ జనం మనమే.

2010లో అనూషా రిజ్వీ తీసిన 'పీప్లీ లైవ్' చూశారా? అప్పులపాలైన నత్థా అనే రైతు ఆత్మహత్య చేసుకోబోతున్నాడని తెలిసి టీవీ ఛానెళ్ళన్నీ ఆ పల్లెమీద పడతాయి. అదే ఊళ్ళో మట్టి తవ్వి అమ్ముకుంటూ మరొక పేద రైతు చడీచప్పుడు లేకుండా చనిపోతాడు. అతని గురించి అడిగేవాడు ఒక్క స్థానిక విలేకరి రాకేశ్. అతని మాట ఎవరూ వినరు. చివరకు మంటల్లో అతనే కాలిపోతాడు, అది కూడా ఎవరికీ తెలియదు.

ఇక మన ఇంటి సంగతికి వస్తాను. 2015లో వచ్చి, 2016లో ఉత్తమ చిత్రంగా ఆస్కారు పొందిన 'స్పాట్‌లైట్' చూడటానికి నేను చాలాకాలం వెనకాడాను. బోస్టన్ అతిమేత్రాసనంలో కొందరు గురువులు పిల్లలపై చేసిన అఘాయిత్యాలను, వాటిని పెద్దలు దాచిన తీరును 'బోస్టన్ గ్లోబ్' విలేకరులు 2002లో బయటపెట్టిన వాస్తవగాథ అది. సిగ్గుతోనే చూశాను. అందులో వీరులెవరూ లేరు. శ్రీసభ వార్షిక డైరెక్టరీల్లో గురువుల పేర్ల మీద స్కేలు జరుపుతూ వెతికే విలేకరులున్నారు. ఏళ్ళ క్రితమే తమ చేతికందిన సమాచారాన్ని తామే పట్టించుకోలేదని ఒప్పుకునే సంపాదకుడున్నాడు. ఆ ఒప్పుకోలు దగ్గర నా కళ్ళు చెమర్చాయి. ఆ చిత్రం శ్రీసభకు వ్యతిరేకం కాదని వాటికన్ దినపత్రికలోనే వ్యాసం వచ్చింది. 2021 నవంబరులో పోపు ఫ్రాన్సిస్ గారు, శ్రీసభలోని తప్పులను చెప్పినందుకు, బాధితులకు గొంతు ఇచ్చినందుకు పాత్రికేయులకు కృతజ్ఞతలు తెలిపారు.

"ఇంటి గుట్టు రట్టు చేయవచ్చా ఫాదర్?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. లేనిది కల్పించి చెప్పడం అపనింద. తగిన కారణం లేకుండా ఉన్న తప్పునే చాటడం కూడా పాపమని మన సత్యోపదేశం చెబుతుంది. కాబట్టి నిజమైనంత మాత్రాన ప్రతిదీ చెప్పదగినది కాదు. అయితే 'తగిన కారణం' అనే మాటను మరచిపోకండి. నేను నోరు విప్పితే ఎవరికి రక్షణ? మూసుకుంటే ఎవరికి రక్షణ? మౌనం బలవంతుణ్ణి కాపాడుతూ పసిబిడ్డను బలిచేస్తుంటే, ఆ మౌనానికి మర్యాద అని పేరుపెట్టే హక్కు మనకు లేదు.

ఈ ప్రశ్నలు విలేకరికే అనుకోకండి. ఒకరి ఇంటి గొడవ, ఒక ఆడపిల్ల ఫొటో వాట్సాప్‌లో మనకు వస్తుంది. నిజమో కాదో చూడకుండా పదిమందికి పంపుతాం. అచ్చువేసినట్లే కదా! తెరమీది చెడ్డ విలేకరిని తిడుతూ, అతను చేసే పనినే మనం చేస్తున్నాం.

మరుసటి ఆదివారం ఆ తండ్రి కూతురిని వెంటబెట్టుకొని వచ్చాడు. ఆమెను ఒక్కటే అడిగాను: "అమ్మా, రేపు ఈ విచారణ లెక్కల్లోనే, నా సంతకం కిందే తేడా ఉందని నీకు తెలిస్తే రాస్తావా?" ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు. "ముందు మిమ్మల్నే అడుగుతాను ఫాదర్. కాగితాలు చూస్తాను. రాయాల్సి వస్తే, మీరు చెప్పింది కూడా రాస్తాను" అంది.

ఏ సినిమాలోనూ ఈ జవాబు నేను వినలేదు. "పంపించండి, చదువుకోనివ్వండి" అన్నాను తండ్రితో.

ఆ రాత్రి విచారణ లెక్కల పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి మరోసారి చూసుకున్నాను.