పొరుగువానికి ఇచ్చిన ఆయుధము



మన సంఘాలలో రాజకీయాలు మాట్లాడుకోవడం తక్కువ. చాలావరకు అది మంచిదే. అయితే రాజ్యాలు చేసే కొన్ని పనుల గురించి విశ్వాసి మనస్సాక్షి ఊరుకోదు. ఒక దేశంలో తిరుగుబాటు లేచినప్పుడు, బలముగల పొరుగు దేశము అక్కడి ప్రభుత్వానికి ఆయుధాలు ఇవ్వవచ్చునా? ఇచ్చిన తరువాత దాని బాధ్యత ఎంతవరకు? తిరగబడినవారిలో మన విశ్వాసములోని వారే ఉంటే మనమేమనాలి?

ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. యానాంలోని మెట్టకూరు నుండి కోరంగి కొద్ది మైళ్ళే. ఒకటి ఫ్రెంచివారి ఏలుబడిలోను, మరొకటి ఇంగ్లీషువారి ఏలుబడిలోను ఉన్నా, ఎదుట ఉన్న సముద్రం ఒక్కటే. ఈ తీరం నుండి వేలాదిమంది రంగూను వెళ్ళి రేవులోను, బియ్యపు మిల్లులలోను కష్టపడ్డారు. అక్కడి ఇంగ్లీషువారు తెలుగు కూలీని ఊరి పేరుతోనే ‘కోరంగీ’ అనేవారు. బర్మాలో మన భాషలో ఆరాధించే బాప్టిస్టు సంఘాలు కూడా ఏర్పడ్డాయి.

విశ్వాసపు బంధుత్వం ఇంకా పాతది. అదోనీరామ్ జడ్సన్ 1813లో రంగూనులో దిగాడు. ఆయనను పోషించిన అమెరికా బాప్టిస్టులే 1836లో శామ్యూల్ డేను తెలుగువారి మధ్యకు పంపారు. బర్మాలో సువార్తను విస్తారంగా అంగీకరించినవారు కరెన్ జాతివారు. వారిలో మొదటి విశ్వాసి కో తా బ్యూ 1828లో బాప్తిస్మము పొందాడు. ఆ లెక్కన కరెన్ బాప్టిస్టులు మనకు ఒకే ఇంటి అన్నలు.

బర్మాను ఏలిన మొదటి పెద్ద రాజ్యము బ్రిటను. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు ఎక్కువ కూలికోసం సమ్మె చేశారు. ఓడల కంపెనీలు వారి స్థానంలో బర్మావారిని పెట్టుకుని, సమ్మె తీరగానే బర్మావారిని పంపివేశాయి. అక్కడ రేగిన అల్లరిలో వందమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది మనవారే. ఆ డిసెంబరులో వడ్ల ధర పడిపోయి, పన్నులు కట్టలేని రైతులు సాయా సాన్ నాయకత్వాన తిరగబడ్డారు. ప్రభుత్వం ఇండియా నుండి సైన్యాన్ని దింపి అణచివేసి, 1931 నవంబరులో సాయా సాన్‌ను ఉరితీసింది. నిర్ణయాలు ఇంగ్లీషు దొరలవి; బర్మా రైతు కళ్ళ ఎదుట కనబడినది మాత్రం ఇండియా సిపాయి, ఇండియా కూలీ. ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్ళు విరిగినట్లయింది.

1948 జనవరి 4న బర్మాకు స్వాతంత్ర్యము వచ్చింది. మూడు నెలలు తిరగకముందే కమ్యూనిస్టులు, 1949 జనవరి చివరిలో కరెన్‌లు ఆయుధాలు పట్టారు. కరెన్ దళాలు రంగూను పొలిమేరలోని ఇన్సేన్ వరకు వచ్చాయి. కరెన్ వేదాంత పాఠశాల ఉన్న ఊరే అది. అప్పటిదాకా బర్మా సేనాధిపతిగా ఉన్న స్మిత్ డన్ కరెన్ జాతివాడు. ఆయనను తప్పించి, ఆ పదవి నే విన్‌కు ఇచ్చారు.

అప్పుడు భారతదేశం ఏమి చేసింది? నెహ్రూ ప్రభుత్వం ప్రధాని ఊ నూకు ఆయుధాలు పంపింది. 1950లో కామన్‌వెల్తు దేశాలు కలిసి 60 లక్షల పౌండ్ల అప్పు ఇస్తామంటే, అందులో 10 లక్షలు భారతదేశపు వాటా. ఇది తప్పా? తొందరపడి తప్పనలేము. ఆ ప్రభుత్వం కూలితే దేశం ముక్కలయ్యేది. అక్కడున్న లక్షలాది మనవారి గతి దేవునికే తెలియాలి. పైగా 1949 ఫిబ్రవరిలో ఢిల్లీలో సమావేశమైన దేశాలు, కరెన్‌లతో రాజీ చేసుకోమని సలహా కూడా చెప్పాయి. బర్మా ప్రభుత్వము బయటివారి మధ్యవర్తిత్వము వద్దన్నది. ఆయుధాలు అందాయి, సలహా తిరిగివచ్చింది.

ఇక్కడ యెహోషాపాతు జ్ఞాపకమొస్తాడు. ఆయన మంచి రాజు. అహాబుతో కలిసి రామోత్గిలాదు మీదికి యుద్ధానికి పోకముందు, యెహోవా ప్రవక్త ఒకడు కావాలని అడిగినవాడు ఆయనే. మీకాయా వచ్చి చెప్పవలసినది చెప్పాడు. అంతా విని కూడా యెహోషాపాతు అహాబు వెంట వెళ్ళాడు. తిరిగి వచ్చాక హనానీ కుమారుడైన యెహూ ఆయనను గద్దించాడు (2 దినవృత్తాంతములు 18, 19 అధ్యాయములు). రాజు సలహా అడగకపోలేదు. అడిగి, విని, దానిని పక్కన పెట్టి నడిచాడు. రాజ్యాలకు ఈ అలవాటు నేటికీ పోలేదు.

తక్కిన పెద్ద దేశాలు ఇంతకంటె మేలు చేయలేదు. చైనాలో ఓడి 1950లో షాన్ కొండలలోకి వచ్చిన చాంగ్ కై షేక్ సైనికులకు అమెరికా గూఢచారి శాఖ రహస్యంగా ఆయుధాలు చేర్చింది. దానితో విసిగి బర్మా 1953లో అమెరికా సహాయమే వద్దని, ఐక్యరాజ్యసమితిలో ఫిర్యాదు చేసింది. 1968 నుండి చైనా బర్మా కమ్యూనిస్టులను ఆయుధాలిచ్చి పోషించింది. ఎవరి కారణాలు వారివి. కాలిన ఊళ్ళు మాత్రం కొండజాతులవి.

ఆ యుద్ధాలలోనే బర్మా సైన్యము బలిసింది. 1962 మార్చి 2న నే విన్ రాజ్యము చేజిక్కించుకున్నాడు. 1964లో దుకాణాలు, వ్యాపారాలు జాతీయము చేశాడు. సుమారు మూడు లక్షలమంది భారతీయులు ఉన్నదంతా వదిలి రావలసివచ్చింది. విశాఖపట్నములో బర్మా క్యాంపు అనే పేరు ఆ కథనే చెబుతుంది. 1949లో మనమిచ్చిన తుపాకులే మనవారిని తరిమాయనడం న్యాయము కాదు. అయినా ఒక ప్రభుత్వాన్ని నిలబెట్టిన ఆయుధము, ఆ ప్రభుత్వపు మనస్సును మార్చలేదన్నది నిజము. చేయి దాటిన ఆయుధము రేపు ఎవరి చేతిలో ఉంటుందో ఇచ్చినవానికి తెలియదు.

మరి కరెన్‌లు బాప్టిస్టులు గనుక వారిది న్యాయమనాలా? అలా అనలేము. 1948 క్రిస్మసు ముందటి రాత్రి మెర్గుయి ప్రాంతంలో కరెన్ క్రైస్తవులను చంపిన మాట నిజము. కరెన్ తుపాకులకు బర్మా పల్లెవారు చచ్చిన మాటా నిజమే. కరెన్‌లలో బౌద్ధులు కూడా చాలామంది. విశ్వాసపు బంధుత్వము తీర్పు చెప్పడానికి ఇచ్చినది కాదు. వారి కన్నీరు మన చెవిని త్వరగా చేరడానికి ఇచ్చినది. ఆ చెవి బౌద్ధ రైతు ఏడుపు కూడా వినాలి. మంచి సమరయుడు గాయపడినవాని మతము అడగలేదు.

ఈ పరీక్ష మళ్ళీ వచ్చింది. 2021 ఫిబ్రవరి 1న మియన్మార్ సైన్యము ప్రజలెన్నుకున్న ప్రభుత్వాన్ని తోసివేసింది. బాప్టిస్టులు ఎక్కువగా ఉన్న చిన్ కొండలలో యుద్ధం రగిలింది. ఆ సెప్టెంబరులో థంత్లాంగ్ పట్టణం కాలుతుంటే, మంట ఆర్పబోయిన ఒక బాప్టిస్టు పాస్టరును కాల్చి చంపారు. వేలాదిమంది సరిహద్దు దాటి మిజోరాం చేరారు. అంతకుముందే, మార్చిలో, వారిని రానీయవద్దని కేంద్ర హోంశాఖ సరిహద్దు రాష్ట్రాలకు వ్రాసింది. మిజోరాం ప్రభుత్వము, అక్కడి సంఘాలు మాత్రం చేర్చుకుని అన్నం పెట్టాయి. 2024లో సరిహద్దు ప్రజల స్వేచ్ఛా రాకపోకలను కూడా రద్దు చేస్తున్నట్టు కేంద్రము ప్రకటించింది.

మన ప్రభుత్వానికి కారణాలు లేకపోలేదు. ఈశాన్యములో తిరుగుబాటుదారులున్నారు, మనము విడిచిన చోటికి చైనా వస్తుంది. అందుకే సైనిక ప్రభుత్వంతో తెగతెంపులు చేసుకోలేదు. రాజనీతికి ఈ లెక్కలు తప్పవు. అయితే ఓబద్యా ప్రవక్త ఎదోము మీద మోపిన నేరము చూడండి. యెరూషలేము పడిపోయిన దినమున, తప్పించుకుని వచ్చేవారిని అడ్డగించడానికి అది దారి కూడలిలో నిలిచింది. ఎదోముకు కూడా తన సరిహద్దు లెక్కలు ఉండే ఉంటాయి. దేవుడు వాటిని లెక్కలోకి తీసుకోలేదు.

నాకు తోచిన కొలత ఇది. పొరుగు ప్రభుత్వంతో చేయి కలిపే దేశం, ఆ ప్రభుత్వానికి భయపడి పరుగెత్తివచ్చేవారికి తలుపు తీయాలి. ఒక చేతితో స్నేహము, మరొక చేతితో గొళ్ళెము పెడితే అది న్యాయము కాదు. తలుపు తీసిన దేశానికే, ‘మీ ప్రజలతో సమాధానపడండి’ అని చెప్పే నోరు ఉంటుంది.

మనమందరము ఊరు విడిచి వచ్చి, ఇక్కడ మందిరాలు కట్టుకుని, పిల్లలను చదివించుకుని స్థిరపడినవారము. ఎవరో ఒకరు తలుపు తీయబట్టే ఈ మేలు మనకు కలిగింది. కాబట్టి కుటుంబ ప్రార్థనలలో కరెన్, చిన్ సంఘాలను పేరుపెట్టి తలుచుకుందాము. శరణార్థుల కొరకు కానుక ఎత్తేటప్పుడు చేయి వెనుకకు తీయకుందాము. ఓటు అడగవచ్చిన నాయకులను రోడ్డు, నీళ్ళతో పాటు ఈ మాట కూడా అడుగుదాము. సమాధానకర్తయగు ప్రభువు ఆ కొండలకు సమాధానము, మన సంఘాలకు మెలకువ దయచేయును గాక. ఆమేన్.

— ఒక సంఘస్థుడు, మెట్టకూరు, యానాం