బిడ్డను గెలువనీయవచ్చునా?

వేసవి సెలవులలో దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతపు ఇండ్లలో క్యారం బల్ల పరచగానే ఒక ప్రశ్న పుట్టును. ఎదుట ఆరేండ్ల బిడ్డ కూర్చుండును. తండ్రి నిజముగా ఆడినయెడల వాడు గెలువలేడు, ఓడినయెడల ఏడ్చును. గనుక అనేకులు ఎర్రబిళ్లను కావలెనని వదలిపెట్టి, "అబ్బో, నన్ను ఓడించితివే!" అని మెచ్చుకొందురు. ఇది ప్రేమయా, మోసమా? చిన్న సంగతియని దీనిని తోసివేయరాదు.

ఓడిపోవు తండ్రి పక్షమున చెప్పదగిన మాట లేకపోలేదు. ఎన్నడును గెలువని బిడ్డ ఆటనే విడిచిపెట్టును. బిడ్డల మనస్సు క్రుంగజేయవద్దని పౌలు కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో తండ్రులను హెచ్చరించెను గదా! పసివానిపై తన నేర్పంతయు చూపి సంతోషించు తండ్రి ఏ పాటి వీరుడు?

అయితే బిడ్డలు ఎక్కువ కాలము మోసపోరు. గెలుపు కల్లయని తెలిసిన దినమున వారు ఆ గెలుపునే గాక మన మెప్పును కూడ సందేహింతురు. రేపు వాడు నిజముగా చక్కని బొమ్మ గీసి తెచ్చినప్పుడు, "బాగున్నది" అను మన మాటకు విలువ యెక్కడ?

మన పెద్దలు దీనికొక మంచి మార్గము కనుగొనిరి. దాని పేరు "ఆటలో అరటిపండు." చిన్నవానిని ఆటలో చేర్చుకొందురు, వాడు దొరికినను దొంగ కాడు. ఈ సంగతి అందరికిని తెలియును గనుక అందులో అబద్ధము లేదు. అట్లే చదరంగములో తండ్రి తన మంత్రిని ముందుగానే బల్లమీదనుండి తీసివేయవచ్చును; క్యారంలో బిడ్డకు అయిదు బిళ్లలు ముందుగా ఇయ్యవచ్చును. బిడ్డ ఎదిగినకొలది వాటిని తగ్గింపవలెను. వైకుంఠపాళిలోనైతే పందెము అవ్వకును మనుమరాలికిని ఒక్కటే. ఇట్లు వచ్చిన గెలుపు నిజమైన గెలుపు.

ఆదికాండము 32వ అధ్యాయములోని యాకోబును తలంచుకొనుడి. అతనితో తెల్లవారువరకు పెనుగులాడినవాడు ఒక్కసారి ముట్టగానే అతని తొడకీలు తప్పెను. అంతటి బలముగలవాడు రాత్రియంతయు యాకోబు బలమునకు తగినట్లు తగ్గివచ్చెను, గెలుపును ఒప్పుకొనెను, దీవించెను. అయినను తన బలమును దాచలేదు. యాకోబు కుంటుచు వెళ్లెను. తగ్గివచ్చుట వేరు, మోసగించుట వేరు.

ఓడుట కూడ నేర్వవలసిన విద్యయే. గుడివాడలో జన్మించిన కోనేరు హంపికి తండ్రి అశోక్ గారే మొదటి గురువు. ఆమె 2002లో, 15 ఏండ్ల ప్రాయమున గ్రాండ్‌మాస్టరు ఆయెను. 2024 డిసెంబరులో న్యూయార్కులో జరిగిన ప్రపంచ ర్యాపిడ్ పోటీలో ఆమె మొదటి ఆటలోనే ఓడెను. అయినను 11 ఆటలలో ఎనిమిదిన్నర పాయింట్లతో విజేతగా నిలిచెను. మొదటి ఓటమితో ఆమె పోటీ ముగిసిపోలేదు.

మన ప్రాంతమున ఈ విద్య మరింత అవసరము. దిల్‌సుఖ్‌నగర్ వీథులలో కోచింగ్ సెంటర్ల బోర్డులపై ర్యాంకులు వచ్చినవారి ముఖములే కనబడును. రానివారి ముఖములు ఎవరును అంటింపరు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితముల తరువాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఆ ఫలితములలో తప్పులును దొరలినవి. గనుక ఆ నేరమును బిడ్డలమీదగాని వారి పెంపకముమీదగాని మోపుట అన్యాయము. అయితే ఒక్క సంగతి మన చేతిలో నున్నది. ఓడిన బిడ్డ భయపడక తిరిగి రాదగిన చోటు మన ఇల్లు కావలెను.

కాబట్టి తల్లిదండ్రులారా, బిడ్డలతో ఆడుదము. వారికి తగినట్లు తగ్గివచ్చుదము, అయితే బహిరంగముగా తగ్గుదము. వారు ఓడి ఏడ్చినప్పుడు ప్రక్కన కూర్చుండి, కన్నీరు తుడిచి, బిళ్లలు మరల పేర్చుదము. గెలిచినను ఓడినను తాను ప్రియమైన బిడ్డనే యని వాడు మొదట మన క్యారం బల్లయొద్దనే తెలిసికొనును గాక.