దొరికింది మనదేనా?

మనిషి చేతికి సంపద మూడు దారుల్లో వస్తుంది. కష్టపడి సంపాదించినది ఒకటి. వారసత్వంగానో, కానుకగానో వచ్చినది రెండవది. అనుకోకుండా దొరికినది మూడవది. మొదటి రెండింటి విషయంలో మనం హలాల్, హరామ్ అని ఎంతో కొంత ఆలోచిస్తాం. రాబడిలో వడ్డీ కలిసిందా, ఆస్తిలో ఆడపిల్లల వాటా ఇచ్చామా అని పండితులను అడిగి తెలుసుకుంటాం. మూడవ దాని దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అల్లాహ్ ఇచ్చాడు" అని జేబులో వేసుకుంటాం. ఆ మాట అబద్ధం కాదు. కాని అల్లాహ్ ఇచ్చాడంటే అనుభవించడానికే ఇచ్చాడా, లేక పరీక్షించడానికి ఇచ్చాడా? ఈ ప్రశ్న వేసుకునేవారు చాలా తక్కువ.

కొన్ని వారాల క్రితం నల్లగండ్లలో నివసించే ఒక సోదరుడు జుమా నమాజు తర్వాత మమ్మల్ని కలిశారు. ఆయన హైటెక్ సిటీలో ఉద్యోగి. వెంట పద్నాలుగేళ్ళ కుమారుడు ఉన్నాడు. కుర్రవాడికి మెటల్ డిటెక్టర్ మీద సరదా. కర్ర చివర పళ్ళెం లాంటి తీగచుట్ట ఉంటుంది. అందులో ప్రవహించే విద్యుత్తు నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. అక్కడ లోహం ఉంటే ఆ క్షేత్రంలో కలిగే మార్పును పసిగట్టి పరికరం కూత పెడుతుంది. యుద్ధాల్లో మందుపాతరలు వెదకడానికి వాడిన ఈ పరికరం ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎవరు ఆర్డరు పెట్టినా ఇంటికి వస్తుంది.

ఆ బాలుడు తమ అపార్టుమెంటుకు దగ్గరలోని ఒక ఖాళీ ప్లాటులో వెదికితే సీసా మూతలు, మేకులు, ఒక ఇత్తడి గుండీ దొరికాయి. చివరికి ఒక రాగి నాణెం దొరికింది. ఒకవైపు నిజాం పేరు అల్లికలా చెక్కిన తుగ్రా. మరోవైపు రెండు పైల విలువ, హిజ్రీ 1330 సంవత్సరం. అంటే 1912 ప్రాంతం, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన తొలి రోజులు. పన్నెండు పైలు ఒక అణా, పదహారు అణాలు ఒక రూపాయి అయిన ఆ కాలంలో ఇలాంటివి తొంభై ఆరు కలిస్తే ఒక రూపాయి.

తండ్రికి మనసులో ఏదో ముల్లులా గుచ్చుకుంది. కొడుకు మాత్రం ఒకటే మాట అంటున్నాడు: "అబ్బా, నేను దొంగిలించలేదు కదా, దొరికింది కదా!"

ఈ మాటను ఒక్క బాలుడి మాటగా తీసుకోకండి. పెద్దవాళ్ళం మనం కూడా ఎన్నోసార్లు ఇదే మాట వెనుక దాక్కుంటాం.

పోగొట్టుకున్నది, పాతిపెట్టినది

ఇస్లామీ ధర్మశాస్త్రం దొరికిన సొత్తును అందరినీ ఒకే గాటన కట్టినట్లు చూడలేదు. ఎవరో పోగొట్టుకున్నది 'లుఖతా'. పూర్వకాలపు జనులు భూమిలో పాతిపెట్టినది 'రికాజ్'. రికాజ్‌లో ఐదవ వంతు ప్రజల హక్కు అని దైవప్రవక్త ముహమ్మద్ (స) నిర్ణయించారు. హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. లుఖతా విషయంలో అయితే యజమాని కోసం ప్రకటించాలి. విలువైన వస్తువుకు ఒక సంవత్సరం, అల్పమైన దానికి కొన్ని రోజులు చాలునని పండితులు వివరించారు.

మన ప్రాంతంలో ఎక్కువ మంది అనుసరించే హనఫీ పండితులు ఇక్కడ ఒక సున్నితమైన తేడా చూపారు. దొరికిన నాణెం మీద కలిమా గాని, ముస్లిం పాలన చిహ్నం గాని ఉంటే దానిని నిధిగా లెక్కించరాదు, పోగొట్టుకున్న సొత్తుగా చూడాలి అన్నారు. ఎందుకని? అది మనలాంటి ఒక సమాజంలోని మనిషిది, అతనికి వారసులు ఉండే అవకాశం ఉంది. ఆ లెక్కన ఈ రెండు పైల నాణెం 'నిధి' కాదు. ఎవరో పోగొట్టుకున్న సొమ్ము.

"వందేళ్ళు దాటింది, ఇంకా యజమాని ఎక్కడ?" అని అడగవచ్చు. దీనికి కహఫ్ సూరాలోని గోడ ఉదంతాన్ని గుర్తు చేసుకోండి. కూలిపోబోతున్న ఆ గోడను ఖిజర్ (అలైహిస్సలాం) కూలి తీసుకోకుండా నిలబెట్టారు. దాని కింద ఇద్దరు అనాథ బాలుర నిధి ఉంది. ఆ నిధి సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. గోడ పడి అది బయటపడితే చూసినవారు "దొరికింది" అనే అనేవారు. కాని అల్లాహ్ దృష్టిలో అది పిల్లలదే. మట్టి కప్పినంత మాత్రాన హక్కు చెరిగిపోదు. మనకు తెలియకపోవడం వేరు, యజమాని లేకపోవడం వేరు.

సంచీ, దాన్ని కట్టిన తాడు

దొరికిన సొమ్ము గురించి ఒక వ్యక్తి వచ్చి అడిగినప్పుడు, అది ఉన్న సంచీనీ, దాన్ని కట్టిన తాడునూ బాగా గుర్తుపెట్టుకోవాలని, ఒక సంవత్సరం ప్రకటించాలని దైవప్రవక్త (స) బోధించారు. హజ్రత్ జైద్ బిన్ ఖాలిద్ జుహనీ (రజి) దీనిని ఉల్లేఖించారు. సొమ్ము విలువ ఎంత అని కాదు, అది ఎలా ఉందో గుర్తుపెట్టుకో అన్నారు. ఎందుకంటే నిజమైన హక్కుదారును గుర్తించేది ఆ సంచీ, ఆ తాడే.

పురావస్తు శాస్త్రజ్ఞులు నేడు చెప్పేది కూడా ఇదే. 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో తెలంగాణ వారసత్వ శాఖ జరిపిన తవ్వకాల్లో ఒక మట్టికుండ దొరికింది. అందులో 3,730 సీసపు నాణేలు ఉన్నాయి. ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయినీ చిహ్నం. అవి ఇక్ష్వాకుల కాలానివని గుర్తించారు. కుండ ఏ లోతులో ఉంది, మూతి మీద ఏమి కప్పారు, చుట్టూ ఏ వస్తువులు ఉన్నాయి అన్న వివరాలు నమోదయ్యాయి కనుకనే అది చరిత్ర అయింది. అదే కుండను రాత్రిపూట ఎవరో తవ్వి, నాణేలను పది మందికి అమ్మి ఉంటే? 3,730 సీసపు ముక్కలు మిగిలేవి. చరిత్ర మిగిలేది కాదు.

ఇంగ్లాండులో 2007లో యార్క్ ప్రాంతంలో డిటెక్టర్లతో వెదుకుతున్న ఒక తండ్రీ కొడుకులకు పదవ శతాబ్దంలో పాతిపెట్టిన వెండి గిన్నె దొరికింది. దానిలో మట్టితో పాటు వస్తువులు కిక్కిరిసి ఉన్నాయి. వారు ఆత్రపడి కుళ్ళగించలేదు. గిన్నెను అలాగే అధికారులకు అప్పగించారు. బ్రిటిష్ మ్యూజియం నిపుణులు పొరపొరగా తీస్తే 617 నాణేలు బయటపడ్డాయి. ఐర్లాండు నుంచి అఫ్ఘానిస్తాన్ దాకా ఎన్నో దేశాల సొమ్ము అందులో ఉంది. ముస్లిం రాజ్యాల వెండి దిర్హములు కూడా ఉన్నాయి. అంత దూరాన మన పూర్వికుల వ్యాపారం ఎలా సాగిందో ఆ గిన్నె చెప్పింది. చెప్పనిచ్చినది ఆ తండ్రీ కొడుకుల ఓర్పు. అక్కడి చట్టం ప్రకారం వారికి పారితోషికం కూడా అందింది.

నాణెం సాక్ష్యం చెబుతుందన్న సంగతి మనకు కొత్తది కాదు. గుహవాసులు నిద్ర లేచి, తమలో ఒకరికి వెండి నాణెం ఇచ్చి ఆహారం తెమ్మని పట్టణానికి పంపారు. ఆ నాణెం ఎప్పుడో గతించిన రాజు కాలానిది కావడం వల్లనే జనానికి వారి సంగతి తెలిసిందని ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు వివరించారు. ఇక ప్రళయదినాన భూమి తన బరువులను బయట పడవేసి, తనపై జరిగిన సంగతులన్నీ తెలియజేస్తుందని జిల్‌జాల్ సూరా హెచ్చరిస్తోంది. మనం దొంగచాటుగా తవ్విన గుంట కూడా ఆ సంగతుల్లో ఉంటుంది.

చట్టం కూడా ఒక ఒడంబడికే

విశ్వాసులు తమ ఒడంబడికలను నెరవేర్చాలని మాయిదా సూరా మొదటి వాక్యమే ఆదేశిస్తోంది. మనం ఒక దేశంలో నివసిస్తూ దాని రక్షణ పొందుతున్నాం. కనుక దాని న్యాయమైన చట్టాలను పాటించడం కూడా ఆ ఒడంబడికలో భాగమే. 1878 నాటి భారత నిధుల చట్టం ప్రకారం భూమిలో దాగిన వస్తువు విలువ పది రూపాయలు మించితే, దొరికినవారు జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. దాచిపెడితే జైలు శిక్ష, జరిమానా ఉన్నాయి. హక్కుదారు ఎవరూ లేరని తేలితే, స్థలం యజమానితో వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవారికి మూడు వంతులు, స్థలం వారికి ఒక వంతు. ప్రభుత్వమే తీసుకోదలిస్తే లోహపు విలువకు ఐదవ వంతు కలిపి చెల్లించాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. దానిని విదేశాలకు పంపి అమ్ముకోవడం నేరం. రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా తవ్వడం కూడా నేరమే.

సరదా ఎక్కడ ఆగాలో తెలియకపోతే ఎక్కడికి చేరుతుందో చూడండి. గుప్తనిధుల పేరుతో గుళ్ళను, దర్గాలను, పాడుబడిన కోటలను తవ్వే ముఠాల వార్తలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. వారి చేతుల్లో ఉండేది కూడా ఈ డిటెక్టరే. కొందరు మంత్రగాళ్ళను వెంటబెట్టుకుని వెళతారు. ఇది దొంగతనానికి షిర్క్‌ను జోడించడమే.

ఆ బాలుడు విశ్వవిద్యాలయం వైపు రాళ్ళగుట్టల్లో కూడా వెదకాలనుకుంటున్నాడట. నల్లగండ్ల పొరుగునే ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఇనుప యుగం నాటి సమాధులు ఉన్నాయి. పల్లెల్లో రాక్షస గూళ్ళు అంటారు. అవి రాక్షసులవి కావు, మనుషులవే. మృతుని ఎముకను విరవడం బతికున్నవాని ఎముకను విరవడం లాంటిదని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆ సమాధుల్లో ఉన్నవారి మతం ఏదో మనకు తెలియదు. మన మర్యాద ఏదో మాత్రం మనకు తెలుసు.

బంగారు కుండ

దైవప్రవక్త (స) పూర్వజాతుల వారి ఒక సంఘటన వినిపించారు. ఒకతను మరొకతని దగ్గర భూమి కొన్నాడు. అందులో బంగారంతో నిండిన కుండ దొరికింది. వెంటనే అమ్మినవాని దగ్గరికి వెళ్ళి, తాను భూమిని మాత్రమే కొన్నానని, బంగారం కొనలేదని చెప్పి కుండ ముందు పెట్టాడు. అమ్మినవాడేమో, భూమితో పాటు అందులో ఉన్నదంతా అమ్మేశానని తీసుకోనన్నాడు. తగవు న్యాయమూర్తి దగ్గరికి వెళ్ళింది. ఒకరికి కొడుకు, మరొకరికి కూతురు ఉన్నారని తెలుసుకుని, వారిద్దరికీ వివాహం చేసి ఆ బంగారాన్ని వారిపై ఖర్చు పెట్టమని, దానధర్మాలు చేయమని ఆయన తీర్పు చెప్పాడు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది.

మన కోర్టుల్లో ఎన్ని భూతగాదాలు నడుస్తున్నాయో తలచుకోండి. అందరూ "నాది" అని వాదించేవారే. ఇక్కడ ఇద్దరూ "నాది కాదు" అని వాదించారు! చదరపు గజం లెక్కన భూమి అమ్ముడయ్యే నల్లగండ్ల లాంటి చోట ఈ హదీసు చదివితే గుండె తడబడుతుంది.

"రెండు పైల నాణేనికి ఇంత చర్చా?" అనిపించవచ్చు. నాణెం చిన్నదే. కాని దాని మీద పిల్లవాడు నేర్చుకునే పాఠం చిన్నది కాదు. దొరికింది కాబట్టి నాదే అని నేడు నాణెం దగ్గర నేర్చుకున్నవాడు, రేపు ఆఫీసులో పొరపాటున పడిన అదనపు జీతం దగ్గర, పక్కవాని స్థలంలోకి జరిగిన ప్రహరీ గోడ దగ్గర అదే మాట అంటాడు.

అలాగని పరికరాన్ని విరిచివేయమని మేము చెప్పలేదు. పార్కులో ఒక సోదరి పోగొట్టుకున్న ఉంగరాన్ని దానితో వెదికి పెడితే అది పుణ్యకార్యం. పాత నాణేల మీద ఆసక్తి ఉంటే పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం ఉంది. ఆసక్తి మంచి ఫలితాన్నిచ్చిన సందర్భాలూ ఉన్నాయి. కోటిలింగాలలో దొరికిన నాణేలను ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ సేకరించి, శాసన పండితులు పరబ్రహ్మశాస్త్రి దృష్టికి తెచ్చారు. శాతవాహన వంశానికి మూలపురుషుడైన సిముకుని నాణేలు అలా వెలుగులోకి వచ్చాయి. దాచుకుని ఉంటే అవి ఒక పెట్టెలో మూలుగుతుండేవి. చూపించినందువల్ల అవి తెలుగువారందరి చరిత్ర అయ్యాయి.

మేము ఆ బాలునికి మూడు మాటలు చెప్పాం. ఎక్కడ, ఎంత లోతులో దొరికిందో రాసిపెట్టు. స్థలం యజమానికి చూపించు, అనుమతి లేకుండా అడుగుపెట్టినందుకు క్షమాపణ అడుగు. తర్వాత నాన్నగారితో కలిసి కలెక్టరు కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేయి.

మరుసటి జుమాకు ఇద్దరూ వచ్చారు. ప్లాటు యజమాని వృద్ధుడట. కోప్పడలేదు. అక్కడ ఒకప్పుడు చెరువు కింద వరి పండేదని, నాట్లకు కూలీలు వచ్చేవారని చెప్పి, "ఎవరి నడుం సంచిలో నుంచో జారి ఉంటుంది బిడ్డా, పాపం ఆ రోజు ఎంత వెదుక్కున్నారో" అన్నారట.

ఆ మాట బాలుని మనసులో నాటుకుంది. అంతవరకు అతని చేతిలో ఉన్నది తన అదృష్టం. ఇప్పుడు అది ఒకరి కూలి డబ్బు. నాణేన్ని ఒక కవరులో పెట్టి, దొరికిన చోటు, లోతు, తేదీ దాని మీద రాశాడు. దరఖాస్తు ఇచ్చి వచ్చారు, జవాబు రావలసి ఉంది. తర్వాత బాలుడు మమ్మల్ని ఒకటి అడిగాడు: "ఆ కూలీకి ఇప్పుడు మనం ఏమైనా ఇవ్వగలమా?"

సొత్తుదారు దొరకనప్పుడు అతని తరఫున దానం చేయడం మన పెద్దలు చూపిన మార్గమే. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఒకసారి సొమ్ము చెల్లించవలసిన వ్యక్తి కనిపించకుండా పోతే, ఎంతగానో వెదికి, చివరికి ఆ సొమ్మును అతని తరఫున పేదలకు పంచారు. ఆ సంగతి చెప్పాం. బాలుడు తన జేబుఖర్చులోంచి కొంత తీసి, మస్జిదు బయట కూర్చున్న ఒక వృద్ధురాలి చేతిలో పెట్టాడు. ఎవరి తరఫునో అతనికి తెలియదు. అల్లాహ్‌కు తెలుసు.

భూమి పైన ఉన్నదైనా, భూమి కడుపులో ఉన్నదైనా ప్రతి వస్తువు అమానతేనని గుర్తించే బుద్ధిని, దాని హక్కుదారునికి దానిని చేర్చే ధైర్యాన్ని అల్లాహ్ మనకూ, మన సంతానానికీ ప్రసాదించుగాక! ఆమీన్.