పాత పేలికలు, పాత రేడియేటరు

ధ్యాన భాగము: యిర్మీయా 38వ అధ్యాయము, 7 నుండి 13 వచనములు



యిర్మీయాను బురద గోతిలోనికి దింపిన సంగతి మనమందరము ఎరిగినదే. అతనిని పైకి తీసిన విధమును మాత్రము మనలో అనేకులు గమనింపక చదివిపోవుదురు. ఎబెద్మెలెకు అను కూషీయుడు రాజునొద్ద సెలవు పొందినవాడై నేరుగా గోతియొద్దకు పరుగెత్తలేదు. ఖజానా క్రింది గదిలోనికి వెళ్లి, అక్కడ పడియున్న పాత గుడ్డ పేలికలను ఏరి తెచ్చెను. త్రాళ్లు చర్మమును కోయకుండునట్లు వాటిని చంకల క్రింద పెట్టుకొమ్మని ప్రవక్తకు చెప్పెను. రాజుగారి ఇంట కొత్త వస్త్రములు లేకనా? ఉండియే యుండును. అయినను ఆ పనికి మెత్తబడిన పేలికలే తగినవి. ఎవరో పారవేసిన ఆ గుడ్డలకు ఒక ప్రాణము దక్కించుటలో పాలు దొరికెను.

ఈ మాట ఇప్పుడు ఎత్తుటకు కారణమున్నది. మన సంఘపు అంబాసిడరు కారునకు పాత రేడియేటరు వేయవచ్చునా కూడదా యని పెద్దల కూటములో గట్టి వాదమే జరిగినది. ఆ కారు షోకునకు కాదు. రాత్రివేళ పురుటి నొప్పులు పడు స్త్రీలను, పాము కరచినవారిని పట్టణపు ఆసుపత్రికి చేర్చుటకు ఉన్నది. నడిదారిలో ఇంజను ఉడికి ఆగినయెడల లోపలనున్న ప్రాణము మాటేమి? ఉత్తర్‌పాడాలో అంబాసిడరు తయారీ 2014లోనే ఆగిపోయినది. కొత్త రేడియేటరు కొనవలెనన్న మన కానుకల పెట్టె చాలదు. విజయవాడ ఆటోనగరులో పాత బండ్లను విప్పి భాగములు అమ్మువారియొద్ద ఒకటి ఉన్నదని తెలిసినది.

ఒక పెద్దాయన లేచి, “అయ్యగారూ, అది ప్రమాదములో పోయిన బండిదట. చచ్చిన బండి భాగము మన బండికి పెట్టిన అరిష్టము కాదా?” అని అడిగెను. ఆయనను నేను తప్పు పట్టను. తాతల నాటి భయము ఒక్క బాప్తిస్మపు నీటితో పోవునా? రాగికిని ఇత్తడికిని దోషము అంటదు. సొట్ట అంటును, చిల్లు అంటును, తుప్పు అంటును. చూడవలసినవి అవే. అంతకంటె ముందు అడుగవలసిన ప్రశ్న మరియొకటి యున్నది: ఆ భాగము దొంగ సొమ్ము కాదుగదా? బిల్లు ఇయ్యనివానియొద్ద చవుకగా దొరికినను కొనరాదు.

మరియొకరు మలాకీ గ్రంథమును ఎత్తి, దేవుని పనికి లోపముగల దానిని తెచ్చుట తగదనిరి. ఈ ప్రశ్న మొదటిదానికంటె బరువైనది. మలాకీ గద్దించినది ఎవరిని? మంచి పశువును ఇంట ఉంచుకొని, కుంటిదానిని బలిపీఠమునకు తోలినవారిని. ఉన్నదానిలో మంచిదానిని వెదకి తెచ్చువాడు ఆ గద్దింపు క్రిందికి రాడు. అయినను ఆ సహోదరుని మాటలో ఒక న్యాయమున్నది గనుక, రబ్బరు గొట్టములు, వాటి క్లిప్పులు, మూత, ఫంకా బెల్టు కొత్తవే కొనవలెనని తీర్మానించితిమి. ఇవి పాతవైనచో ఎప్పుడు తెగునో చెప్పలేము. వెల కూడ తక్కువ.

పాత రేడియేటరు ఎట్లు పాడైనదో తెలియక మరియొకటి తగిలించుట వ్యర్థము. ఇంజనులో కాగిన నీరు పై తొట్టిలోనికి వచ్చి, సన్నని గొట్టములగుండ క్రింది తొట్టికి దిగును. గొట్టముల నడుమనున్న పలుచని రేకులగుండ గాలి పోవుటచేత ఆ నీరు చల్లారును. పంపు దానిని మరల ఇంజనులోనికి నెట్టును. మన బోరునీరు ఏండ్ల తరబడి పోయగా, కాగు అడుగున పట్టు తెల్లని పెచ్చువంటిదే ఆ గొట్టములలో పేరుకొనినది. దానికి తోడు, దారిలో కారినప్పుడెల్ల డ్రైవర్లు పసుపు వేసిరి. పసుపు చిన్న చిల్లును మూసి ఊరు చేర్చును, నిజమే. దానినే మరమ్మతు అనుకొనినయెడల, చిల్లును మూసిన పసుపే మంచి గొట్టములను కూడ పూడ్చును. మన ఇండ్లలోని కొన్ని తగవులకు ఇట్టి పసుపు వైద్యమే జరుగుచున్నదని నాకు తోచును.

ఆటోనగరులో మేస్త్రీ చూచిన విధము చెప్పెదను. ఎదుటినుండి గుద్దుకొన్న బండిది వద్దనెను; ఏలయనగా రేడియేటరు బండి ముక్కునందే యుండును. వెనుక దెబ్బ తిన్న బండిదానిని ఏరెను. మన దానితో కొలత, గొట్టముల మూతులు, బోల్టుల రంధ్రములు సరిచూచెను. మూతిలోనికి వ్రేలు పెట్టి, నూనె జిడ్డు గాని బురద గాని లేదని నిశ్చయించుకొనెను. మూతులన్నియు బిగించి, కొద్దిగా గాలి ఎక్కించి, సైకిలు ట్యూబును చూచునట్లు నీళ్ల తొట్టిలో ముంచెను. ఒక్క బుడగయు రాలేదు.

బిగించిన తరువాత మూత తీసియుంచి ఇంజను నడిపిరి. థర్మోస్టాటు తెరచుకొని పై గొట్టము వేడెక్కి, లోపలి గాలి బుడగలన్నియు పోవువరకు కొద్దికొద్దిగా పోసిరి. ఈసారి బోరునీరు కాదు, శుద్ధజలము కలిపిన కూలెంటు. తల్లులారా, ఆ ద్రవము తియ్యగా ఉండును గాని విషము. పిల్లలకును కుక్కలకును అందనీయకుడి, కాలువలో పోయకుడి.

కారు నడుపు యౌవనులకు ఒక మాట. ఆ మూత లోపలి ఒత్తిడిని నిలుపును. చదరపు అంగుళమునకు 15 పౌన్ల ఒత్తిడి యున్నప్పుడు నీరు 100 డిగ్రీలకు గాక సుమారు 120 డిగ్రీలకు మరుగును. వేడిమీద మూత తిప్పినచో మరుగు నీరును ఆవిరియు ముఖముమీదికి లేచును. ఎంత తొందరయున్నను చల్లారనియ్యుడి. యిర్మీయా ప్రాణాపాయములో నున్నప్పుడు కూడ ఎబెద్మెలెకు పేలికలు ఏరుటకు ఆగెనుగదా. ఆ కూషీయుని దేవుడు మరువలేదని తరువాతి అధ్యాయము చివర వ్రాయబడినది. ఇంటివద్ద తీసి చదువుకొనుడి.

విప్పిన మన రేడియేటరు మందిరపు వెనుక వసారాలో ఉన్నది. తూకమునకు వేయుదమని కొందరనిరి. అది రాగి ఇత్తడులతో టంకము వేసి చేసినది గనుక, లోని గొట్టములు మార్చినయెడల మరల పనికివచ్చునని మేస్త్రీ చెప్పెను. అందుకు ఎంతయగునో అడిగి, వచ్చు పెద్దల కూటములో తెలియజేసెదను.