ఎవరి చెరసాల?

"అయ్యగారూ, మా పిలగాన్ని సెంట్రల్ జైలుకు తోలుతరంట. అది ఢిల్లీ సర్కారుదా? ఆడికి పోతే ఇగ ఇంటికి రాడా?" అని ఒక తల్లి కన్నీటితో నన్నడిగెను. ఆమె కుమారుడు పటాన్‌చెరు వైపు కార్ఖానాలో కూలి. దొంగతనము మోపి అతని పట్టుకొనిపోయిరి.

అమెరికా దేశమున రెండు విధముల చెరసాలలు గలవు. రాష్ట్ర చట్టమును మీరినవారు రాష్ట్ర జైలుకును, సమాఖ్య చట్టమును మీరినవారు సమాఖ్య జైలుకును పోవుదురు. మన దేశములో అట్లు కాదు. రాజ్యాంగపు ఏడవ షెడ్యూలులో రాష్ట్రముల జాబితాయందు 4వ అంశముగా చెరసాలలు చేర్చబడినవి. సెంట్రల్ అను పేరున్నను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్లు మన రాష్ట్రమువే. సి.బి.ఐ. వారు పట్టినవారు సయితము రాష్ట్ర జైళ్లలోనే యుందురు.

ఇది చెప్పగా ఆ తల్లి కొంత నెమ్మదిపడి, "మరి మావోనికి శిక్ష ఎప్పుడు పడ్డది?" అనెను. నా నోట మాట రాలేదు. శిక్ష పడలేదు, విచారణయే మొదలు కాలేదు. జామీను నిలుచువాడు లేనందున లోపలనున్నాడు.

ప్రియులారా, పౌలు రెండు విధముల చెరలను ఎరిగినవాడు. ఫిలిప్పీలో పట్టణపు న్యాయాధిపతులు విచారింపకయే కొట్టించి చెరలో వేయించిరి (అపొ. 16:37). కైసరయలో రోమా అధిపతియైన ఫేలిక్సు, లంచము దొరకునని చూచుచు, తీర్పు లేకయే రెండేండ్లు బంధకములలో నుంచెను (24:26, 27). ఏలినవారు వేరు, అన్యాయ మొక్కటే.

2022 సంవత్సరాంతమున మన దేశపు జైళ్లలో 5,73,220 మంది యుండగా, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అనగా నలుగురిలో ముగ్గురికి ఇంకను తీర్పు లేదు.

సంగారెడ్డిలో 1796లో కట్టిన పాత జైలును 2016లో మ్యూజియము చేసిరి. అప్పుడు 500 రూపాయలిచ్చినవాడు ఒక దినము ఖైదీగా నుండి చూచుటకు ఏర్పాటు చేసిరి. సొమ్ము చెల్లించినవానికి తాను వెలుపలికి వచ్చు గడియ తెలియును. సొమ్ము లేని బీదవానికి అది తెలియదు.

"తప్పు చేయనిదే పట్టుదురా?" అని మనలో కొందరందురు. యోసేపును గూర్చియు ఐగుప్తులో అట్లే అనుకొనియుందురు. అపాయకరమైనవానిని కట్టడిచేయుట ప్రభుత్వమునకు తగినదే. నష్టపోయినవానికి న్యాయము కావలెను. అయినను తీర్పునకు ముందే పేదరికమును శిక్షించుట న్యాయము కాదు.

2024 జూలై 1 నుండి అమలులోనున్న నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షను ప్రకారము, మునుపెన్నడును శిక్ష పడనివాడు, ఆ నేరపు గరిష్ఠ శిక్షలో మూడవ వంతు కాలము విచారణ ఖైదులో గడిపినయెడల, బాండు మీద విడుదలకు అర్హుడు. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడదగిన నేరములకును, అనేక కేసులున్నవారికిని ఇది వర్తింపదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ బీదలకు ఉచితముగా వకీలును ఇచ్చును. ఇవి యున్నను, అడుగువారు లేక అనేకులు మరువబడుచున్నారు. పానదాయకుల అధిపతి యోసేపును ద్వేషింపలేదు, మరచెను, అంతే. ఆ మరపు విలువ రెండు నిండు సంవత్సరములు (ఆది. 40:23, 41:1).

నేను కంది జైలు మీదుగా పలుమారులు పోయితిని. లోపలివారిని ఒక్కమారైనను తలంచలేదు. ఆ పానదాయకుడను నేనే.

చెరలోనున్న తన్ను చూడవచ్చినవారిని గూర్చి ప్రభువు చెప్పినప్పుడు (మత్తయి 25:36), అది ఎవరి చెరసాలయో అడుగలేదు. ఖైదీ దోషియా నిర్దోషియా అనియు విభజింపలేదు. మన సంఘములో ఎవరి బిడ్డ లోపల నున్నాడో విచారింతము. వకీలు కొరకు ఆ తల్లితోకూడ నడుతము. జామీను నిలువగలవాడు ప్రార్థించి నిలుచును గాక. ఆమేన్.