తిన్నాక మిగిలిన పెంకు

పచ్చి కాయలో కొబ్బరి చిప్పను కరుచుకుని ఉంటుంది. నీరు ఇంకి కాయ కురిడీ అయ్యాక ఆ పట్టు వదిలేస్తుంది. ఊపితే లోపల కదులుతున్న చప్పుడు వినిపిస్తుంది. దేహాభిమానం వదిలిన జ్ఞానికి రామకృష్ణ పరమహంస ఈ పోలిక చెప్పేవారు. పోలిక అంతవరకే. విడిపోయిన చిప్పను ఏం చేయాలో అది చెప్పదు. అందులో కొబ్బరి ఆత్మ, చిప్ప దేహం. కనుక చిప్ప పొయ్యిలోకి అన్న మిగతాది మనమే కలుపుకున్నాం. సర్వం పోగొట్టుకున్నవాడి చేతికి మన భాష ఇచ్చేది కూడా చిప్పే. అయితే విడివడటం వేరు, తృణీకరించడం వేరు. పైగా పెంకు మీద నిజమైన శ్రద్ధ విడివడ్డాకే పుడుతుందని నా నమ్మకం. లోపల తినేది ఉన్నంతసేపూ పెంకు మనకు అడ్డు. ఎక్కడ కొడితే పగులుతుందా అనే చూస్తాం. ఆకలితో పని లేనప్పుడే దాని వంపు, ఈనె, మందం కంటికి ఆనుతాయి.

తైపేలోని జాతీయ ప్రాసాద మ్యూజియంలో ఒక ఆలివ్ టెంక ఉంది. 1737లో చైనా ఆస్థాన శిల్పి చెన్ జుజాంగ్ దాన్ని పడవగా చెక్కాడు. పొడవు 3.4 సెంటీమీటర్లు, ఎత్తు 1.6. అందులో ఎనిమిది మంది మనుషులు. కిటికీలు తెరిచి మూయవచ్చు. పడవలో కూర్చున్నది 11వ శతాబ్దపు కవి సు షి. ఎర్రకొండ దగ్గర నదీవిహారం గురించి 1082లో ఆయన రాసిన రెండో రచన మొత్తం, 300కు పైగా అక్షరాలు, పడవ అడుగున చెక్కి ఉంది. బల్ల మీద పెడితే ఆ అడుగు కనబడదు. తిని ఉమ్మేసే టెంకకు, అందులోనూ కనబడని వైపుకు, ఇంత ఓర్పు దక్కింది. టెంక ఎంత ఉంటే అంతే. చెక్కేవాడు దానికి ఒక పొర కూడా చేర్చలేడు. దాని హద్దుకు తన చేతిని లొంగదీసుకోవాలి. దీన్ని సాధన అనడానికి నేను సందేహించను.

ఇది చక్రవర్తి కోసం చేసిన ఆటవస్తువే కదా, ఇందులో వైరాగ్యం ఎక్కడుందని అడగవచ్చు. సొంతం చేసుకోవాలన్న కోరిక కొలువుది. చెన్‌కు జీతం మీద, పేరు మీద ఆశ ఉండి ఉండవచ్చు, కాదనను. కానీ ఉలి మొన టెంక మీద ఆనిన క్షణంలో ఆ ఆశ వైపు మనసు పోతే గీత తప్పుతుంది, తప్పిన గీతను పూడ్చే దారి లేదు. ఇంతకన్నా బలమైన ఆక్షేపణ ఛాందోగ్యోపనిషత్తులో ఉంది. ఉద్దాలకుడు కొడుకు చేత మర్రి గింజను పగలగొట్టించాడు, అలంకరించమనలేదు. నిజమే. కానీ అంత చిన్న గింజను అంత నిదానంగా చూడటం నేర్పాకే, లోపల కనబడనిదాన్ని గురించి చెప్పాడు. సూక్ష్మాన్ని చూసే ఓపిక లేని కంటికి ఆ పాఠం అందదు.

పేదల ఆకలి ముందు ఈ నగిషీలు ఎందుకన్నది చివరి ప్రశ్న. తేలిగ్గా తోసేయదగ్గది కాదు. దానికి జవాబుగా పర్షియా దర్వేషుల భిక్షాపాత్ర, కష్కూల్, గుర్తుకొస్తుంది. చాలాసార్లు అది సేషెల్స్ దీవుల్లో కాసి సముద్రంలో కొట్టుకొచ్చే జంట కొబ్బరి చిప్పలో సగం. అడుక్కుని తినేవాడి చేతి చిప్ప. దాని ఒంటినిండా తరచు అక్షరాలు, లతలు చెక్కి ఉంటాయి.