రేనాడు, సి-యు-కి: విన్నమాట ఎంతవరకు ప్రమాణం?

హ్యూయన్‌త్సాంగ్ యాత్రాగ్రంథం ‘సి-యు-కి’ 646లో పూర్తయింది. దాన్ని గ్రంథస్థం చేసినవాడు బియాన్‌జీ అనే భిక్షువు. ధాన్యకటకం నుంచి నైరుతిగా చీనా కొలతలో వెయ్యి ‘లీ’లకు పైగా వెళ్తే వచ్చే ‘చుళియ’ రాజ్యం గురించి పదో అధ్యాయంలో ఉంది. పలుచని జనం, బీడుపడ్డ నేల, బాహాటంగా తిరిగే దొంగలు, కూలిన ఆరామాలు, పదుల కొద్దీ దేవాలయాలు, దిగంబర సన్యాసులు: ఇదీ వర్ణన. కన్నింగ్‌హామ్ ఈ రాజ్యాన్ని కర్నూలు వైపు చూపాడు. విన్సెంట్ స్మిత్ కడప జిల్లాకు మొగ్గాడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలున్న రేనాటిని ఆనాడు చోళులే ఏలుతున్నారు కనుక స్మిత్ మాటకే బలం ఎక్కువ.

గ్రంథకర్త చేతిరాత ప్రతి మిగల్లేదు. దున్‌హువాంగ్ గుహలో బయటపడి లండన్, పారిస్ చేరిన రాతప్రతులు తునకలే. అవి మొదటి మూడు అధ్యాయాలవి, చుళియ ఊసు వాటిలో లేదు. కాబట్టి రేనాటి సాక్ష్యానికి ముఖ్య ఆధారం చెక్క అచ్చులే. కొరియాలోని హేయిన్సా ఆలయంలో ఎనభై వేలకు పైగా అచ్చుపలకలున్నాయి. మంగోలుల దాడి నుంచి దేశం గట్టెక్కాలన్న మొక్కుతో 1236–1251 మధ్య త్రిపిటకమంతా వాటిపై చెక్కించారు. అందులో ఈ గ్రంథమూ ఒకటి. 1911 నాటి క్యోటో ముద్రణకు, తర్వాతి తైషో త్రిపిటక పాఠానికి ఆ ప్రతే మూలం. ధర్మగ్రంథాల వరసలో చోటు దొరక్కపోతే ఈ యాత్రాకథ పూర్తిగా దక్కేదో లేదో. చెక్కడం పుణ్యకార్యం కాబట్టి అక్షరం పదిలంగా ఉంది. చెప్పిన సంగతి నిజమా అన్నది వేరే ప్రశ్న.

గౌతముని న్యాయసూత్రాలకు ఆప్తవాక్యం ఒక ప్రమాణం. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు ప్రత్యక్షాన్ని, అనుమానాన్ని మాత్రమే ఒప్పుకున్నాడు. శబ్దానికి, అంటే ఆప్తవాక్యానికి, వేరే పీట వేయలేదు. ఆయన ‘న్యాయముఖా’న్ని చీనా భాషలోకి తెచ్చినవాడు హ్యూయన్‌త్సాంగే కావడం విశేషం. ఆ పట్టింపు ఈ గ్రంథంలోనూ కనిపిస్తుంది. స్వయంగా తిరిగిన దేశాలకు ఒక క్రియ, విన్నవాటికి మరొకటి వాడినట్టు బియాన్‌జీ చివర్లో చెప్పాడు. ఆ లెక్కన చుళియ కళ్లారా చూసినదే. ఒక్క అక్షరం మారితే చూసింది విన్నదైపోతుంది. పాఠాంతరాల మీద అంత శ్రద్ధ అందుకే.

చుళియ కథ కూడా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఊరికి పడమట ఉన్న ఆరామంలో ఉత్తరుడనే అర్హతుణ్ణి ఆర్యదేవుడు ప్రశ్నలతో తిప్పలు పెట్టాడట. ఏడో విడతలో నోరు పెగలక, అర్హతుడు యోగబలంతో తుషిత లోకానికి వెళ్లి మైత్రేయుణ్ణి అడిగొచ్చి జవాబు చెప్పాడు. అది మైత్రేయుడి జ్ఞానమే తప్ప నీది కాదని ఆర్యదేవుడు ఇట్టే పట్టేశాడు. జవాబు సరైనదే. అయినా అది ఎవరి ఎరుక అన్న ప్రశ్న నిలిచింది.

స్థానికంగా దొరికే సాక్ష్యం పరిమితం. సుమారు 575 నాటి కలమళ్ల శాసనం, ఎర్రగుడిపాడు శాసనం రేనాటి చోళుల ఉనికికి రుజువులు. బౌద్ధారామాల సంగతి వాటిలో లేదు. జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున దానవులపాడులో జైన ఆలయం, తీర్థంకర విగ్రహం బయటపడ్డాయి కానీ అక్కడి రాష్ట్రకూట శాసనాలు యాత్రికుడి తర్వాత రెండు శతాబ్దాలు దాటాక వేసినవి. అవి దిగంబరుల ప్రస్తావనకు దన్నుగా నిలుస్తాయే గాని, ఏడో శతాబ్దపు వర్ణనకు నేరుగా రుజువు కావు.